పట్టీ మీద మాట

ఇస్త్రీలోకి స్త్రీని ఎవరు ఇరికించారో గానీ, డింఫ్నా టూహీ శనివారం తెల్లారిన దగ్గర్నుంచీ అందులోంచి బయటపడలేదు. వంటింటి బల్ల మీద పాత దుప్పటి మడతపెట్టి పరిచి, మగవాళ్ళు భుజానికి అడ్డంగా వేసుకునే పట్టీలు ఒక్కొక్కటే తీసి రుద్దుతోంది. ఆకుపచ్చ శాటిన్ గుడ్డ, అంచులకి బంగారు కుచ్చులు, గుండె మీదికి వచ్చేచోట బంగారు దారంతో కుట్టిన ఒక మాట. రేపు ఆదివారం సెయింట్ పాట్రిక్ పండగ ఊరేగింపు. బోస్టన్ దగ్గరి ఆ ఊళ్ళో తాతలు ఐర్లండ్ నుంచి వచ్చారని చెప్పుకునే మగవాళ్ళంతా, అంటే పాట్రిక్ పుత్రుల సంఘం వాళ్ళంతా, ఈ పట్టీలు వేసుకుని మిల్లు వీధి నుంచి టౌన్ హాలు దాకా నడుస్తారు. అందరికంటే ముందు పొడుగు టోపీ పెట్టుకుని నడిచే పెద్దమనిషిని గ్రాండ్ మార్షల్ అంటారు. ఈ ఏడు ఆ టోపీ డింఫ్నా మొగుడు ఫెర్గస్‌కి దక్కింది. టోపీ ఆయనది. టోపీ పడ్డది ఎవరికో ఈ పట్టీల పెట్టెలు చూస్తే తెలుస్తుంది.

కుట్టుపని ఉన్న గుడ్డని తిరగేసి ఇస్త్రీ చెయ్యాలి, లేకపోతే దారం మాడుతుంది. అందుకని సగం పెట్టె అయ్యేదాకా ఆ మాట ఏమిటో ఆమె చూడనేలేదు. ఒక పట్టీ బల్ల మీంచి జారి నేల మీద వెల్లకిలా పడింది. వంగి తీస్తూ చదివింది.

ఎం. ఎన్. నెత్తిన చిన్న గీత పెట్టుకున్న ఏ.

మ్నా.

నడుం వంగినట్టే ఉండిపోయింది. ఎందుకంటే ఈ మాటని ఆమె ఇంతకుముందు ఒక్కసారి చూసింది. ఎక్కడ చూసిందో చచ్చినా ఎవరికీ చెప్పకూడదనుకుంది.

నాలుగేళ్ళ కిందట చర్చి వాళ్ళ తీర్థయాత్ర బస్సులో చెల్లెలు ఊనాతో కలిసి ఐర్లండ్ వెళ్ళింది. ఒకటే వాన. దారిలో ఏదో ఊరు, ఏదో బారు, బస్సులో ఇద్దరికీ తలొక గ్లాసు టీ ఎక్కువైంది. వెనక నడవలో రెండు తలుపులు, వాటి మీద బొమ్మలు లేవు, రెండు మాటలున్నాయి. ఒకటి మ్నా, ఒకటి ఫిర్. ఆలోచించడానికి టైము లేదు. ఎం అంటే మగవాళ్ళు, ఎఫ్ అంటే ఆడవాళ్ళు అని ఇంగ్లీషు లెక్క కట్టి, ఫిర్ అన్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఎదురుగా ఒక వరస వీపులు. అందులో ఒక ముసలాయన మెడ మాత్రం తిప్పి, ఖాళీగా ఉన్న ఒక చేత్తోనే టోపీ ఎత్తి, "తొందరపడకమ్మా, నాదైపోవచ్చింది" అన్నాడు, బస్సులో సీటు ఇస్తున్నట్టు. డింఫ్నా బయటికి పరిగెత్తింది. రెండో తలుపు పక్కనే ఉన్నా అందులోకి వెళ్ళే ధైర్యం రాలేదు. తర్వాతి ఊరు వచ్చేదాకా బస్సులో కాలి మీద కాలేసుకుని జపమాల తిప్పింది. ఊనాకి కూడా చెప్పలేదు.

కాబట్టి మ్నా అంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు. ఆడవాళ్ళు. రేపు వందమందికి పైగా మగవాళ్ళు గుండెల మీద ఆడవాళ్ళమని రాసుకుని, అదీ మరుగుదొడ్డి తలుపు మీది మాట రాసుకుని, డప్పులతో ఊరంతా తిరగబోతున్నారు. బోస్టన్ నుంచి టీవీ వాళ్ళు వస్తున్నారు. అన్నిటికంటే భయంకరం, ఐర్లండ్‌లోని ఈ ఊరితో చెలిమి కట్టిన సోదర పట్టణం నుంచి మేయరమ్మ ఎత్నా మానియన్ ముఖ్య అతిథిగా వస్తోంది. ఊరంతటికీ తెలియకపోయినా ఆవిడకి తెలియకుండా ఉండదు. పట్టీల నిండా బంగారం, ఈమె నిండా కంగారు.

అదే నిమిషానికి ఫెర్గస్ మేడ మెట్లు దిగి వచ్చాడు. తోక కోటు వేసుకున్నాడు, కింద పైజమా. చేతిలో నల్ల ముళ్ళకర్ర. మార్షల్ పట్టుకోవాల్సిన కర్ర అది. నీళ్ళ పైపుల శాఖలో మేస్త్రీగా ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాడు కాబట్టి, దాన్ని పట్టుకున్నా ఎక్కడో లీకు వెతుకుతున్నట్టే ఉంటాడు.

"ఎలా ఉన్నాను డిమ్నా?"

ఆమె పేరు డింఫ్నా. మధ్యలో ఉన్న ఫకారాన్ని ఊరంతా కలిసి మింగేసింది.

"బావున్నావు. ఫెర్గస్, ఈ పట్టీ మీద మాట..."

"ఆ! చూశావా? నా ఐడియానే. కమిటీలో అందరూ ఇంగ్లీషులో రాయిద్దామన్నారు. ఎందుకయ్యా, మన భాష మనకి లేదా, అన్నాను. క్లాన్సీ బారులో గోడ మీద రెండు చెక్కబోర్డులు వేలాడుతుంటాయి చూడు, క్లాన్సీ ఐర్లండ్ నుంచి తెచ్చాడు. ఒకటి మ్నా, ఒకటి ఫిర్. మ్నా అంటే మెన్. అక్షరాలు కాస్త అటూ ఇటూ అయ్యాయి, పాత భాషలు కదా, అంతే. ఫిర్ అంటే ఫీమేల్. మీ సహాయక మండలికి కూడా ఈసారి పట్టీలు చేయించాం, ఫిర్ అని. హాల్లో వడ్డించేటప్పుడు వేసుకోండి."

"నాకెందుకో అది అటుది ఇటు అనిపిస్తోంది."

"అనిపించడం ఏంటి? ఎవరు చెప్పారు?"

ఇదీ చిక్కు. ఎవరు చెప్పారు? టోపీ ఎత్తిన ముసలాయన చెప్పాడు. ఆ సంగతి ఫెర్గస్‌కి చెబితే, పొద్దుగూకేలోపు క్లాన్సీ బారులో ఆమె ఒక కథ అయిపోతుంది. పోయిన క్రిస్మస్‌కీ, అంతకుముందు క్రిస్మస్‌కీ, రొట్టె మాడితే ఆమె ఫైరింజన్ పిలిచిన కథ అందరికీ చెప్పి నవ్వించాడు. అప్పుడు పొగ నిజంగానే మేడ దాకా వచ్చిందన్న ముక్క మాత్రం ఏ ఏడూ చెప్పడు. ఆ కథ పక్కన ఈ కథ పెడితే, ఇక చచ్చేదాకా ప్రతి పండక్కీ ఇద్దరు డిమ్నాలు, ఒకతె పొగలో, ఒకతె మగాళ్ళ దొడ్లో.

"ఎవరూ చెప్పలేదు. ఎక్కడో చూసినట్టు..."

"నువ్వు ఐరిష్ చదువుకున్నావా?"

"లేదు."

"నేనూ చదువుకోలేదు. మరి ఇద్దరికీ రాని భాషలో నీకు మాత్రం తప్పులెలా కనిపిస్తున్నాయి?" కర్రతో గడప మీద ఒకసారి కొట్టి, ఆ చప్పుడుకి ముచ్చటపడి, ఇంకోసారి కొట్టాడు. "నువ్వు క్యాబేజీ సంగతి చూడు తల్లీ. పోయినేడు కొంచెం పచ్చిగా ఉందన్నారు."

ఆయన వేసుకునేవన్నీ పచ్చనివి, ఆమె వండినవి మాత్రం పచ్చివి.

డింఫ్నా పట్టీని తిరగేసి పరిచింది. మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టింది. తప్పుగా ఉన్నవాటిని కూడా ముడతల్లేకుండా ఉంచడం ఆమెకి అలవాటు.

ఆమె తల్లి ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టిందో గానీ, సెయింట్ డింఫ్నా నరాల జబ్బు ఉన్నవాళ్ళకీ, ఊరికే దిగులుపడేవాళ్ళకీ దిక్కు. ఆవిడకి మొక్కుకుంటే గుండెదడ తగ్గుతుందంటారు. ఇక్కడ మాత్రం ఊరందరి దడా ఈ డింఫ్నాకే వచ్చి చేరింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఉద్యోగం ఆమెది. అక్కడ లోపల డ్రిల్లు మోగితే, కుర్చీలో ఉన్నవాడి బదులు బయట ఈమె దవడ బిగపడుతుంది. ఇంట్లో అయితే ఫెర్గస్ మర్చిపోయేవాటిని గుర్తుపెట్టుకోవడం ఒక ఉద్యోగం, ఆయన మర్చిపోయాడని ఎవరికీ తెలియకుండా చూడటం ఇంకో ఉద్యోగం. ఒకసారి ఉపన్యాసం కాగితం వేరే కోటు జేబులో ఉండిపోయింది. "నువ్వు గుర్తు చెయ్యలేదు" అన్నాడు. ఒకసారి ఊరేగింపులో వాన పడింది. "నువ్వు గొడుగు పెట్టలేదు" అన్నాడు. వాన కురిపించింది కూడా తనేనేమో అని ఆమె కాసేపు ఆలోచించింది. ఆ ఇంట్లో ఏం జరిగినా రెండే రకాలు. ఫెర్గస్ చేసినవీ, డింఫ్నా చెయ్యనివీ. రేపు ఆ ఎత్నా మానియన్ పడీపడీ నవ్వితే, టీవీలో బోస్టనంతా నవ్వితే, అది ఏ రకంలోకి వస్తుందో ఆమెకి ఇప్పుడే తెలుసు. "నీకు తెలుసా? తెలిసి కూడా చెప్పలేదా?" అంటాడు. ఆ అనబోయే మాట ఇంకా పుట్టకముందే ఆమె చెవుల్లో మోగుతోంది.

మధ్యాహ్నం చర్చి హాలు కింద నేలమాళిగలో ఉన్న వంటగదికి పోయింది. పెరేడు మగవాళ్ళది, పెరడు ఆడవాళ్ళది. ఊరేగింపు అయ్యాక నాలుగు వందలమందికి భోజనం. ఉప్పులో ఊరిన గొడ్డుమాంసం, బంగాళాదుంపలు, క్యాబేజీ, కిస్మిస్ వేసిన సోడా రొట్టె. దీనికి పాట్రిక్ పుత్రుల సహాయక మండలి అని ఒకటి ఉంది. సహాయం పుత్రులకి, మండటం వీళ్ళకి. ఆ గదికి కిటికీలు పైకప్పు దగ్గర, వీధికి సమానంగా ఉంటాయి. ఏటా ఊరేగింపు వాళ్ళకి కనిపించేది మోకాళ్ళ దాకానే. డింఫ్నా ఇరవయ్యేళ్ళుగా ఆ పెరేడుని బూట్లుగానే చూసింది.

తలుపు దగ్గర కుర్చీలో ఆమె అత్తగారు కూర్చుని ఉంది. అసలు పేరు హొనోరా, అందరూ నోరా అంటారు. పేరులోనే నోరు ఉంది కాబట్టి వేరే పెంచుకోవాల్సిన పని పడలేదు. ఎనభై దాటింది, గరిట పట్టలేదు, అయినా ప్రతి పెద్ద గిన్నె నుంచీ ఒక చెంచా ఆమె దగ్గరికి వెళ్ళాల్సిందే.

"ఉప్పు తక్కువ," అంది నోరా.

"ఇంకా వెయ్యలేదు అత్తయ్యా."

"అదే చెప్తున్నా."

పెగ్ ల్యావెల్ అని పక్కింటామె దుంపల తొక్క తీస్తోంది. పేరులో తప్ప ఆమె పెగ్గు ముట్టదు. కమిటీ పంపిన అట్టపెట్టె విప్పి, ఫిర్ అని ఉన్న పట్టీ ఒకటి ఏప్రన్ మీద వేసుకుని చూసుకుంది. "ఏమిటిది? ఫిర్యాదు రాయబోయి సగంలో ఆపేశారా?"

నవ్వొచ్చే మాటే. డింఫ్నా నవ్వలేకపోయింది. ఆ పట్టీ వేసుకుని మాంసం కోస్తున్న పెగ్, ఐరిష్ తెలిసినవాళ్ళకి, ఒక మగవాడు. పొయ్యిల దగ్గర మగవాళ్ళు, వీధిలో ఆడవాళ్ళు. పాట్రిక్ మహానుభావుడు ఐర్లండ్ నుంచి పాముల్ని తరిమాడంటారు గానీ ఇలాంటివి తరిమే వరం ఆయనకి లేనట్టుంది. ఆమె అత్తగారి పక్కన చేరి, చెవిలో అంది.

"అత్తయ్యా, ఆ మాటలు తారుమారయ్యాయి. మగవాళ్ళ పట్టీల మీద ఆడవాళ్ళు అని ఉంది."

నోరా చెంచా ఆపలేదు. "నీకెలా తెలుసు?"

"తెలుసు."

"నిజంగానా?"

"నిజంగా."

"అయితే ఎవరికీ చెప్పకు."

"చెప్పకపోతే రేపు ఆ మేయరమ్మ ముందు..."

"చెబితే నిన్ను తిడతాడు. చెప్పకపోతే రేపు తిడతాడు. ఒకరోజు మిగిలింది కదా, సుఖంగా ఉండు." చెంచా కింద పెట్టి, గొంతు తగ్గించింది. నోరా గొంతు తగ్గించడం ఆ వంటగదిలో ఎవరూ చూసి ఉండరు. "మీ మామగారు మార్షల్ అయిన ఏడు నేనూ ఇక్కడే ఉన్నాను. ఆ కిటికీలోంచి ఆయన బూట్లు చూశాను. కుడి బూటు తాడు ఊడింది. తొక్కి, బోర్లా పడిపోతాడేమో, టోపీ దొర్లిపోతుందేమో అని నాకు ఆ పూట ముద్ద దిగలేదు."

"పడ్డారా?"

"పడలేదు. అసలు తాడే ఊడలేదట. వెనక నడిచేవాడి బూటు చూశానట నేను. మొగుడి బూటు ఏదో కూడా తెలియదా అని ఏడాదంతా నవ్వాడు." ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "ఇప్పటికీ కలలో వంగి తాళ్ళు కడుతుంటానే అమ్మాయ్. ఎవరివో కూడా తెలియదు. పో, ఆ క్యాబేజీ నాలుగు ముక్కలుగా కోయించు, ఆరు చెయ్యొద్దు."

డింఫ్నా వెళ్ళి క్యాబేజీ కోసింది. ఒక్కొక్కటి కోస్తుంటే పొరలోపల పొర, దానిలోపల ఇంకో పొర. కుండలు పొయ్యి మీంచి దిగుతాయి, గుండె మాత్రం దిగదు. ఇన్నాళ్ళూ తన భయాలు తన స్వభావం అనుకుంది, వాళ్ళమ్మ పెట్టిన పేరు వల్ల వచ్చిందనుకుంది. ఇది స్వభావం కాదు, ఆస్తి. నోరా దగ్గర్నుంచి తనకి, ఆవిడకి వాళ్ళత్త దగ్గర్నుంచి, మగవాళ్ళు పడకుండా ఉండటం కోసం ఆడవాళ్ళు పడుతూ వచ్చిన కలత ఇది. పట్టీలైనా ఏటా మారతాయి.

అయినా ఆదివారం పొద్దున ఇంకోసారి ప్రయత్నించింది. ఎందుకంటే ఆమె భయస్తురాలే గాని దుర్మార్గురాలు కాదు. మొగుడు నవ్వులపాలు కావడం ఆమెకి ఇష్టంలేదు. పూజ అయిపోయింది, మిల్లు వీధి మొదట్లో మగవాళ్ళంతా వరసల్లో నిలబడుతున్నారు. చలికి ముక్కులు ఎర్రగా, పట్టీలు పచ్చగా. ఎక్కడ చూసినా మ్నా, మ్నా, మ్నా. బాండు మేళం వాళ్ళు గొట్టాల్లోకి ఊది వేడిచేసుకుంటున్నారు. వాయులీనాల బడిపిల్లలు వణుకుతున్నారు. మేయరమ్మ విమానం ఆలస్యమైందని, నేరుగా టౌన్ హాలు ముందు వేదిక మీదికే వస్తుందని ఎవరో చెప్పారు. డింఫ్నా ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చింది. కీళ్ళవాపుతో మంచాన పడ్డ హాన్రటీ పట్టీ వెనక్కి వచ్చింది, అది ఆమె చేతిలోనే ఉంది. ఫెర్గస్ మోచెయ్యి పట్టుకుంది.

"ఫెర్గస్. ఒక్కమాట. ఆ పట్టీలు తీయించు. ఉత్త పచ్చకోటుతో నడవండి, ఎవరూ అడగరు."

ఫెర్గస్ చుట్టూ ఉన్నవాళ్ళకేసి తిరిగాడు. మొహం మీద ఆ నవ్వు వచ్చింది, ఫైరింజన్ కథ మొదలుపెట్టేముందు వచ్చే నవ్వు.

"ఇదిగో, మా ఆవిడ వచ్చింది. దేశంలో ఎక్కడ దిగులు దొరికినా కొనుక్కొచ్చి ఇంట్లో పెడుతుంది. ఏం మర్చిపోయానే? గుండీ పెట్టుకున్నానా? జేబురుమాలు ఉందా? ఒంటికి వెళ్ళొచ్చానా?"

నవ్వులు. బార్నీ అని కసాయి కొట్టువాడు, ముందువరసలో ఉన్నవాడు, "మా ఆవిడా అంతే, నా టైర్లలో గాలి కూడా అడుగుతుంది" అన్నాడు.

"ఫెర్గస్, ఆ మాట..."

"మళ్ళీ ఆ మాటేనా? డిమ్నా, బంగారం, ఆ మాటకీ నీకూ ఏమిటే సంబంధం? అది మా మగాళ్ళ వ్యవహారం. పోయి నీ గిన్నెలు చూసుకో, ఫో."

మేళం మోగింది. ఆయన ముళ్ళకర్ర ఎత్తాడు. టోపీ కదిలింది, వెనకాలే వరసలన్నీ కదిలాయి.

డింఫ్నా అక్కడే నిలబడింది. ఆ మాటకీ నీకూ ఏమిటే సంబంధం. తనని దాటి పోతున్న ఒక్కొక్క గుండె మీదా ఆ మాట చదువుకుంది, ఎదురుగా వచ్చే రైలు డబ్బాల మీద నంబర్లు చదివినట్టు. ఊరంతా పిలిచే డిమ్నాలోంచి ముందున్న డి తీసేస్తే మిగిలేదేమిటి? మ్నా. ఆ మిగిలినదాన్లో చివర ఉన్నదేమిటి? నా. ఇన్నేళ్ళలో ఆమె 'నా' అన్నది ఒక్కదానికే, నా తప్పు. లోపల్నుంచి ఏదో తన్నుకొచ్చింది. ఏడుపనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు. గట్టిగా, దిక్కుమాలిన నవ్వు. వీధి పక్కన జెండా పట్టుకున్న ముసలమ్మ ఎవరో, "ఏమ్మా, తాగావా?" అని అడిగింది. "ఇంకా లేదండీ" అంది డింఫ్నా.

ఆయనకి రెండుసార్లు చెప్పింది. ఇక ఆ మాట ఆమె దగ్గర లేదు, ఆయన గుండె మీద ఉంది. అది మోయాల్సింది ఆయన.

హాన్రటీ పట్టీ తల మీంచి వేసుకుంది. కింద ఏప్రన్ ముడి లాగింది, రాలేదు, వదిలేసింది. చివరి వరసలో హాన్రటీ ఉండాల్సిన చోట ఒక సందు ఉంది. పరిగెత్తి వెళ్ళి అందులో అడుగు పెట్టింది.

పక్కన నడుస్తున్న పీటర్ గిల్‌హూలీ, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన బక్కమనిషి, ఒకసారి ఆమెకేసీ ఒకసారి పట్టీకేసీ చూశాడు. "హాన్రటీ! ఏమయ్యా, కీళ్ళవాపు తగ్గినట్టుందే. ఒళ్ళు కూడా తగ్గావ్."

"పథ్యం చేస్తున్నానండీ."

"ఫెర్గస్‌కి తెలుసా?"

"ఫెర్గస్‌కి చాలా తెలియవు."

పీటర్ కాస్త పక్కకి జరిగి, అడుగు ఆమెతో కలిపాడు.

ఇదా పెరేడు. ముందు పోలీసు గుర్రాలు వేసిన పెంట తప్పించుకుంటూ నడవాలి. చెవి పక్కనే డప్పు మోగితే పళ్ళు అదురుతాయి. జనం చేతులూపుతారు, ఎవరికి ఊపుతున్నారో వాళ్ళకే తెలియదు. కాళ్ళు నడుస్తున్నాయి గానీ ఆమె బుర్ర వంటగదిలోనే ఉంది. పెద్ద గిన్నె కింద మంట తగ్గించిందా? దుంపల నీళ్ళు ఇగిరిపోతే? పెగ్‌కి రొట్టెల పొయ్యి వెలిగించడం రాదు, గ్యాసు తిప్పి అగ్గిపుల్ల కోసం వెతుకుతుంది, ఆలోపల గది నిండితే? ఇవన్నీ ఒకేసారి కళ్ళముందు పేలాయి. వెనక్కి తిరిగి పరిగెడితే ఇంకా టైముంది. ప్రతి వీధిమూలా రాగానే, ఇక్కణ్ణించి తిరిగిపోతే ఎవరూ చూడరనుకుంది. ప్రతి మూలా దాటాక, వచ్చే మూల దగ్గర తిరుగుదాం అనుకుంది. ధైర్యం అంటే భయం లేకపోవడం అని ఎవరు చెప్పారో గానీ, ఆమెకి భయం ఏమాత్రం తగ్గలేదు. అయినా మోకాళ్ళు వంగుతున్నాయి, లేస్తున్నాయి, ముందుకే పడుతున్నాయి.

చర్చి హాలు పక్కతలుపు దగ్గర, మెట్ల మీద, చేతికర్ర ఆనుకుని నోరా నిలబడి ఉంది. కోడలు కనబడక వెతుక్కుంటూ అన్ని మెట్లూ ఎక్కినట్టుంది. ముందు వరసల్లో కొడుకుని చూసింది, చెయ్యి ఎత్తింది. ఆయన చూసుకోలేదు. తర్వాత చివరి వరస వచ్చింది.

"డిమ్నా!" ఆ నోరు డప్పుని కూడా దాటింది. "నువ్వా! క్యాబేజీ ఎవరు చూస్తారే?"

వీధి సగం ఇటు తిరిగింది.

"తెలియదు అత్తయ్యా!"

జీవితంలో మొదటిసారి ఆ జవాబు చెప్పింది. నోరా నోరు తెరిచింది. తర్వాత మూసేసి, కర్ర ఒక చంకకి మార్చుకుని, మెట్ల మీదే కూలబడి, ఊరేగింపు చూడటం మొదలుపెట్టింది. బూట్లు కాదు, మొహాలు.

టౌన్ హాలు ముందు ఊరేగింపు ఆగింది. వరసలు సర్దుకుని, చివరివాళ్ళు కూడా వేదిక ముందుకి వచ్చి అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. వేదిక మీద ఎత్నా మానియన్. యాభై దాటిన ఆవిడ, పొట్టి జుట్టు, ప్రయాణంలో నలిగిన కోటు. టీవీ కెమెరా ఆవిడ మీద ఉంది. ఆవిడ కళ్ళు మొదటి వరస మీద పడ్డాయి, రెండో వరసకి వెళ్ళాయి, మళ్ళీ మొదటి వరసకి వచ్చాయి. పెదవులు బిగించింది. భుజాలు కదిలాయి. జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది.

"చూశారా, కళ్ళనీళ్ళు పెట్టుకుంది," అన్నాడు ఫెర్గస్ పక్కవాళ్ళతో, ఆయన గొంతు కూడా జీరపోయింది. "మన భాష చూసి." వరసల్ని గర్వంగా కలయజూస్తూ తల తిప్పాడు. చివర్న ఏప్రన్ కనబడింది. ఆ ఏప్రన్ మీద పట్టీ. నాలుగంగల్లో వచ్చేశాడు. "నువ్విక్కడేం చేస్తున్నావ్? ఆ పట్టీ ఎవరిచ్చారు? కెమెరాలున్నాయి, నా పరువు... అక్కడ వంట?"

"ఉడుకుతోంది."

"ఎవరు చూస్తున్నారు?"

ఆమె తలెత్తి చూసింది. వేదిక మీది మనిషి తనకేసి చూస్తోంది. ఆవిడ చూపు అంతమంది మగవాళ్ళని దాటుకుని వచ్చి, తన పట్టీ మీద ఆగి, అక్కణ్ణించి తన మొహం మీదికి ఎక్కింది. వేలు చూపించి అడగలేదు, కనుబొమ్మ ఎత్తి అడిగింది. తెలిసే వేసుకున్నావా అన్నట్టు. డింఫ్నా తల ఊపింది. ఆవిడ జేబురుమాలు జేబులో పెట్టేసి, మైకు దగ్గరికి లాక్కుంది.

"అ వ్నా ఊశ్లె!" అని పిలిచింది.

చప్పట్లు. ఈలలు. బార్నీ టోపీ గాల్లోకి విసిరాడు. వందమంది మగవాళ్ళు, తమని మహాతల్లులారా అని పిలిచినందుకు, పొంగిపోయి, గొంతెత్తి, హుర్రే అన్నారు.

చివరి మాట డింఫ్నాకి తెలియదు. దాని ముందుది తెలుసు. పిలిచేటప్పుడు మ కాస్తా వ అయిపోయిందంటే, ఆ భాషలో కూడా సంధి ఉందన్నమాట. ఇంట్లో లేకపోయినా. ఎవరిని పిలుస్తున్నారో తెలుసుకోవడానికి వ్యాకరణం అక్కర్లేదు. ఆవిడ చెయ్యి చాపి, మెట్లకేసి చూపిస్తోంది, రమ్మని. ఆ మెట్లు ఎక్కాలంటే అందరి ముందునుంచీ నడవాలి, ఏప్రన్‌తో, కూర మరకలతో, కెమెరాలో పడుతూ. మళ్ళీ దడ మొదలైంది. అది ఈసారి ఎవరికోసమో కాదు, తనకోసమే. ఆ తేడా ఆమెకి స్పష్టంగా తెలిసింది.

ఫెర్గస్ కోపం అంతా మర్చిపోయాడు. టోపీ చేత్తో ఊపుతూ, మెరిసిపోతున్న కళ్ళతో ఆమె భుజం పట్టుకుని ఊపేశాడు.

"విన్నావా డిమ్నా? మనల్ని పిలుస్తోంది! మన భాషలో, మనల్ని!"

ఆయన చెయ్యి భుజం మీంచి మెల్లిగా తీసి కిందికి దించింది.

"మనల్ని కాదు ఫెర్గస్. నన్ను," అని, డింఫ్నా మెట్లకేసి నడిచింది.